అయిదు సెకన్ల ఖాళీ

పిల్లలు నన్ను వెనకాల "ఈల" అంటారు, ముందర "మేడమ్" అంటారు. ముప్ఫయ్యేళ్ళుగా ఈత నేర్పుతున్నాను. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. తెలిసే పిల్లల్ని పంపిస్తారు, ఎందుకంటే నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు పతకాలు తెస్తారు. పతకాలు తెప్పించే నోరు ఎంత చెడ్డదైనా తల్లిదండ్రులకి తియ్యగానే వినపడుతుంది.

మా క్లబ్బు పెద్దదేం కాదు. రేకుల కప్పు కింద పాతిక మీటర్ల కొలను, ఆరు లేన్లు, ఓ పక్క స్నానాల గదులు, ఇంకో పక్క నా గది. తలుపు తియ్యగానే క్లోరిన్ వాసన ముక్కులో గుచ్చుకుంటుంది. చలికాలం పొద్దున్న అయిదున్నర బ్యాచ్ వచ్చేసరికి బయటింకా చీకటే. నీళ్ళు వెచ్చగా, గాలి చల్లగా ఉంటాయి కాబట్టి కొలను మీద ఆవిరి లేస్తూ ఉంటుంది. ఒక్కోరోజు ఇటు గోడ దగ్గర నిలబడితే అటు గోడ కనపడదు. పిల్లల చేతులు నీళ్ళని కొట్టే చప్పుడుని బట్టే ఎవరెక్కడున్నారో చెప్పాలి. నేను చెప్పగలను. చెప్పగలననే అనుకునేదాన్ని.

మా లేన్ పద్ధతి ముందు రెండు ముక్కల్లో చెప్పాలి. ఒక్కో లేన్‌లో అయిదారుగురు ఈదుతారు. అందరూ ఒకేసారి బయల్దేరితే ఒకళ్ళనొకళ్ళు తన్నుకుంటారు, కాబట్టి వరసలో వెళ్ళాలి. గోడ మీద పెద్ద గడియారం, దానికి ఎర్ర ముల్లు. మొదటివాళ్ళు వెళ్ళిన అయిదు సెకన్లకి రెండోవాళ్ళు, ఇంకో అయిదు సెకన్లకి మూడోవాళ్ళు. కుడివైపు వెళ్ళడం, ఎడమవైపు రావడం. అందరికన్నా ముందు వెళ్ళేది లీడర్. లీడర్ ఎటు వెళ్తే మిగతావాళ్ళు అటే. వెనకున్నవాళ్ళు దాటాలనుకుంటే ముందున్నవాళ్ళ కాలిని చేతి వేలితో ఒక్కసారి తట్టాలి. తట్టించుకున్నవాళ్ళు గోడ దగ్గర ఆగి దారివ్వాలి. నీళ్ళలో నోరు పనిచెయ్యదు కదా. అక్కడ పిల్లలకి ఉన్నది ఆ ఒక్క మాటే.

ఆ చలికాలం మూడో లేన్‌లో అయిదుగురు ఉండేవాళ్ళు. లీడర్ నా మనవరాలే, నా కూతురి కూతురు, పదేళ్ళది. ఒక్కచోట నిలవదు గనక దాన్ని అందరూ పిచ్చుక అంటారు. దాని వెనక కవల అన్నదమ్ములిద్దరు, వాళ్ళ వెనక డాక్టరుగారబ్బాయి, చివర కళ్ళద్దాల పిల్ల. మూడు వారాల్లో పోటీలు. ఈసారి పతకం మూడో లేన్‌దేనని నేను అందరి దగ్గరా కోతలు కోసి ఉన్నాను.

పిచ్చుకని నీళ్ళలోకి దింపడానికి మా అమ్మాయి ఓ పట్టాన ఒప్పుకోలేదు. తనూ చిన్నప్పుడు నా దగ్గరే ఈదేది. పదకొండో ఏట మానేసింది. ఆ తర్వాత మోకాలి లోతు నీళ్ళలో కూడా దిగలేదు. పిల్ల ఏడ్చి, అన్నం మానేసి, చివరికి తల్లిని లొంగదీసింది. మా అమ్మాయి నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"ప్రతిసారీ లెక్కపెట్టాలి. దిగేముందూ, ఎక్కిన తర్వాతా. దాని తల మీద చెయ్యేసి ఒట్టు వెయ్యి."

వేశాను. ఆ రోజు నుంచి లెక్కపెట్టని రోజు లేదు.

అదంతా మొదలైంది ఒక సోమవారం. అటూ ఇటూ పది రౌండ్లు కొట్టమన్నాను. మూడో రౌండులో కళ్ళద్దాల పిల్ల గోడ పట్టుకుని ఆగిపోయింది. గాగుల్స్ నుదుటి మీదకి తోసుకుని వెనక్కి చూస్తోంది.

"ఏమే, ఫోటో తీస్తున్నారా అక్కడ? ఎందుకాగావు?"

"ఎవరో కాలు తట్టారు మేడమ్. దారిస్తున్నాను."

"చివర నువ్వే కదే. నీ వెనక ఎవరున్నారు, మీ తాతయ్యా?"

మిగతావాళ్ళు కిసుక్కున నవ్వారు. అది మాత్రం నవ్వలేదు.

"తడితే ఆగాలని మీరేగా చెప్పారు."

"తాడు తగిలుంటుంది. పద, పద."

వెళ్ళింది. తర్వాతి రౌండులో డాక్టరుగారబ్బాయి వెళ్ళి అయిదు సెకన్లయింది. ఇది కదల్లేదు. ఎర్ర ముల్లు ఇంకో అయిదు గీతలు దాటాక అప్పుడు బయల్దేరింది. నిద్రమొహం అనుకుని ఊరుకున్నాను. మర్నాడూ అంతే. దాని ముందు పది సెకన్ల ఖాళీ. తిట్టాను. విననట్టే ఉంది.

బుధవారం ఇంటికెళ్ళేముందు, తువ్వాలు కప్పుకుని, అదే నా దగ్గరికొచ్చింది.

"మేడమ్... ఒకటి చెప్తే తిట్టరుగా?"

"తిట్టేదైతే తిడతాను. చెప్పు."

"నా ముందు వెళ్ళే అమ్మాయి మడమకి ప్లాస్టర్ ఊడిపోతోంది. అది నీళ్ళలో పడితే మీరు మా అందర్నీ తిడతారు కదా."

"నీ ముందు వెళ్ళేది డాక్టరుగారబ్బాయి."

"వాడు కాదు మేడమ్. వాడి వెనకాల అమ్మాయి."

"ఏ మడమకి?" అన్నాను. ఆ మాట ఎందుకడిగానో నాకే తెలీదు.

"ఎడమది."

ఏమీ కానట్టు మొహం పెట్టి దాన్ని పంపించేశాను. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, కుర్చీ దొరికేదాకా గోడ పట్టుకుని నడిచాను.

చెప్పక తప్పదు కాబట్టి చెప్తున్నాను. ఇరవై మూడేళ్ళ కిందట అదే మూడో లేన్‌లో ఆరుగురు ఈదేవాళ్ళు. ఆరోది బాగా నెమ్మది. దానికి తాబేలని పేరు పెట్టింది నేనే. వాళ్ళమ్మ పెట్టిన పేరు నేను రెండుసార్లకన్నా పలికి ఉండను. నోట్లో నాలుక లేని పిల్ల. తాబేలూ అని పిలిస్తే "మేడమ్" అని పలికేది. అందరూ నవ్వితే తనూ నవ్వేది.

అప్పట్లో నాకొక లెక్క ఉండేది. అయిదో చెయ్యి గోడకి తగిలిందా, రౌండు అయిపోయినట్టే. ఆరోదాని కోసం ఆగితే మిగతా అయిదుగురి ఒళ్ళూ చల్లబడతాయని. అందుకే తాబేలు రొప్పుకుంటూ వచ్చి గోడ పట్టుకునేసరికి మిగతావాళ్ళు ఊపిరి తీసుకుని మళ్ళీ బయల్దేరుతూ ఉండేవాళ్ళు. అదీ వెంటనే తిరిగి వాళ్ళ వెనక పడాలి. అందరికన్నా చేతకాని పిల్లకి అందరికన్నా తక్కువ విశ్రాంతి. అసలు లేనే లేదు. నాకు తెలీదని అనను. నాకు తెలుసు. అలా రుద్దితేనే దారికొస్తుందనుకున్నాను.

ఆ రోజు కొత్త బూటు కరిచి ఎడమ మడమ మీద పుండు పడిందని చూపించింది. "వంకలు వెతక్కు" అని నేనే ప్లాస్టర్ అంటించి నీళ్ళలోకి తోశాను. ఆఖరి రౌండుకి ముందు అయిదో పిల్ల గోడ దగ్గర ఆగింది. "మేడమ్, తాబేలు నా కాలు తడుతోంది" అంది. నేను పగలబడి నవ్వాను.

"తాబేలు నిన్ను దాటుతుందా? ఆగావంటే నిన్ను దాని వెనకాల పెడతాను. పద!"

అందరూ నవ్వారు. అయిదో పిల్ల వెళ్ళిపోయింది.

దాటడానికి కాదు అది తట్టింది. నన్ను వదిలేసి వెళ్ళొద్దని తట్టింది.

ఆ రౌండులో అయిదో చెయ్యి గోడకి తగలగానే ఈల ఊది, అందర్నీ స్నానాలకి పొమ్మన్నాను. ఆవిరి ఆ రోజు దట్టంగా ఉంది. నేను గదిలో కూర్చుని వాళ్ళ టైములు రాసుకుంటున్నాను. పంపు చూసే మనిషి వచ్చి తలుపు బాదేసరికి ఇరవై నిమిషాలైంది. అటు చివర, రెండు నిలువుల లోతులో ఉంది.

అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పాను. ఆరుగుర్నీ లెక్కపెట్టే పంపించాను, అది మళ్ళీ దిగి ఉంటుంది, గేటుకి తాళం వెయ్యాల్సింది పంపు మనిషి అని. అతనికి మాట్లాడటం చేతకాదు. నాకు అదొక్కటే వచ్చు. నా మాటే నెగ్గింది, అతని ఉద్యోగం పోయింది. ఆ పిల్ల తల్లి నా రెండు చేతులూ పట్టుకుని, "మీ గురించే చెప్పేది మేడమ్, ఇంటికొచ్చిందంటే మీ గురించే" అని ఏడ్చింది.

ఆ అయిదో పిల్ల ఎవరో కాదు, మా అమ్మాయి. ఆ సాయంత్రం దాని నోటికి నా చెయ్యి అడ్డంపెట్టి, "కాలు సంగతి ఎవరికీ చెప్పకు" అన్నాను. చెప్పలేదు. ఇన్నేళ్ళలో నా దగ్గర కూడా ఎత్తలేదు. ఆ తర్వాత నేనూ నీళ్ళలో దిగలేదు. గట్టు మీద నుంచే నేర్పుతాను. మోకాళ్ళ నొప్పులని చెప్తాను.

గురువారం పొద్దున్న దిగేముందు డాక్టరుగారబ్బాయి పాదాలెత్తించి చూశాను. రెండు మడమలూ నున్నగా ఉన్నాయి. ఆ రోజు ఖాళీ ఒక స్థానం ముందుకి జరిగింది. కవలల్లో తమ్ముడు వెళ్ళాక పది సెకన్లకి గాని డాక్టరుగారబ్బాయి కదల్లేదు. వాడి వెనక కళ్ళద్దాల పిల్ల మాత్రం సరిగ్గా అయిదు సెకన్లకి వెళ్ళింది.

"లెక్క తప్పుతున్నావేంరా?" అన్నాను.

వాడు నా వైపు అదోలా చూశాడు. "లేదు మేడమ్. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళమేగా వెళ్తున్నాం."

శుక్రవారం కవలల మధ్య ఖాళీ వచ్చింది. వాళ్ళిద్దరూ కడుపులోంచే ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వచ్చిన రకం. అయిదు సెకన్లు ఆగమని ఏడాదిగా మొత్తుకుంటున్నాను, ఏనాడూ మూడుకి మించి ఆగలేదు. అలాంటిది అన్న వెళ్ళాక తమ్ముడు బుద్ధిగా పది సెకన్లు నిలబడ్డాడు. ఎదురుగా ఎవరో గోడ తన్ని వెళ్ళినట్టు కళ్ళతో సాగనంపాడు. అప్పుడు ఎర్ర ముల్లు చూసుకుని వెళ్ళాడు.

అప్పుడర్థమైంది. తడుతోంది. వాళ్ళు దారిస్తున్నారు. రోజుకొకళ్ళని దాటుకుంటూ ముందుకొస్తోంది.

అప్పుడే ఆపెయ్యాల్సింది. పోటీలూ వద్దు, పాడూ వద్దు అని మూడో లేన్ మూసెయ్యాల్సింది. కానీ ఎందుకని అడుగుతారు కదా? ఆ ఎందుకుకి జవాబు చెప్పాలంటే ఇరవై మూడేళ్ళ నాటి అబద్ధం విప్పాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కముందే నాకు చెమటలు పట్టాయి. నోరు మూసుకున్నాను. శనివారం చూస్తే ఖాళీ పిచ్చుక వెనకే ఉంది. దానికీ, కవలల్లో అన్నకీ మధ్య.

ఆదివారం సెలవు. సోమవారం ప్రాక్టీసయ్యాక ఇంట్లో దాని తల తుడుస్తున్నాను. క్లబ్బులో నేను మేడమ్‌నే, ఇంట్లో మాత్రం అమ్మమ్మని.

"అమ్మమ్మా, ఇవాళ నా కాలు కూడా తట్టింది."

"ఎవరే?"

"ఏమో. నీళ్ళలో మొహాలు కనపడతాయా ఏంటి? నేను ఆగలేదులే. లీడర్ని కదా." తువ్వాలు తనే లాక్కుని చెవులు తుడుచుకుంది. "కానీ రూలు రూలేగా. రేపు దారిచ్చేస్తాను. పాపం, చివర్నించి వచ్చింది."

దాన్ని అక్కడే వదిలేసి వంటింట్లోకి పరిగెత్తాను. మా అమ్మాయి గిన్నెలు తుడుస్తోంది.

"రేపు పిల్లని పంపకు."

"ఏం?"

"చలి ఎక్కువగా ఉంది."

మా అమ్మాయి నా మొహంలోకే చూసింది. "అమ్మా, ఏదైనా ఉంటే చెప్పు. నాకు చెప్పు."

నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. "ఏముంటుంది, చలే" అన్నాను.

ముప్ఫయ్యేళ్ళు పిల్లల్ని పిరికిపందలని తిట్టిన నోరిది.

మర్నాడు పిచ్చుక మాకన్నా ముందు లేచి బూట్లేసుకుని కూర్చుంది. సరే, దార్లోనే ఓ ఉపాయం ఆలోచించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. వరస మార్చేశాను. "ఇవాళ నువ్వు చివర" అన్నాను పిచ్చుకతో. మూతి ముడుచుకుంది. "లీడర్ వాడు" అని కవలల్లో అన్నని ముందుకి తోశాను.

ఆ రోజు ఆవిరి ఎప్పుడూ లేనంత ఉంది. దీపాలు చుట్టూ ముసుగు కప్పుకున్నట్టున్నాయి. నా కాళ్ళ దగ్గర నీళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. గోడ పొడుగునా టోపీలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు... ఆరు. కళ్ళు నులుముకుని మళ్ళీ లెక్కపెట్టాను. అయిదే.

ఎర్ర ముల్లు పైకొచ్చింది. ఈల ఊదాను.

ఎవరూ కదల్లేదు.

అయిదుగురూ గోడ పట్టుకుని, ఒకే చోటికి చూస్తున్నారు. లీడర్ ముందున్న ఖాళీ నీళ్ళలోకి.

"పదరా! ఏం చూస్తున్నావు?"

"ముందు తను వెళ్ళాలిగా మేడమ్" అన్నాడు కవలల్లో అన్న, మెల్లిగా.

నీళ్ళు తొణికాయి. గోడని ఎవరో తన్నిన చప్పుడు. ఒక్కటే...

అయిదు సెకన్లు. వాడు వెళ్ళాడు. అయిదు సెకన్లు. తమ్ముడు. డాక్టరుగారబ్బాయి. కళ్ళద్దాల పిల్ల. చివర పిచ్చుక. ఆగమని అరుస్తూనే ఉన్నాను. ఈల ఊదుతూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఒక్కొక్కళ్ళే ఆవిరిలోకి వెళ్ళిపోయారు.

చప్పుళ్ళు విన్నాను. అయిదు జతల చేతులు. దూరమవుతూ... ఇంకా దూరమవుతూ...

మొదటి చప్పుడు ఆగిపోయింది.

అయిదు సెకన్లకి రెండోది ఆగింది.

ఇంకో అయిదు సెకన్లకి మూడోది.

లీడర్ ఎటు వెళ్తే మిగతావాళ్ళు అటే. నేను నేర్పిందే. అది వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్తోందో నాకు తెలుసు. దానికి తెలిసిన చోటు ఇంకేముంది?

గట్టు మీద పరిగెత్తాను. కాలు జారి మోకాలు చితికింది. లేచాను. నాలుగోది ఆగింది. అయిదోది... పిచ్చుక చేతుల చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు... అదీ ఆగింది.

దూకేశాను.

ఇరవై మూడేళ్ళ తర్వాత. బట్టలతో, బూట్లతో, మెడలో ఈలతో. నీళ్ళు చెవుల్ని మూసేశాయి. కింద దీపాల వెలుగు పచ్చగా ఉంది. ఆ వెలుగులో కనపడ్డారు. వరసగా, ఒకళ్ళ వెనక ఒకళ్ళు, ఏ తొందరా లేకుండా, అడుగుకి ఈదుకుంటూ వెళ్తున్నారు. ఎవరూ కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం లేదు. ఎవరూ భయపడటం లేదు. అందరికన్నా దగ్గరగా పిచ్చుక పాదాలు. దాన్ని పట్టుకుని పైకి లాగేస్తే? మిగతా నలుగురూ? ఉన్నవి రెండు చేతులు. ఊపిరి అయిపోతోంది.

అప్పుడు తట్టింది నా బుర్రకి. వేలు చాపి పిచ్చుక కాలు తట్టాను. ఒక్కసారి.

ఆగింది. పక్కకి జరిగి దారిచ్చింది. జరగ్గానే నిద్రలోంచి లేచినట్టు గిలగిల్లాడి పైకి తేలింది. కళ్ళద్దాల పిల్ల కాలు తట్టాను. ఆగింది, పైకెళ్ళింది. డాక్టరుగారబ్బాయి. కవలల్లో తమ్ముడు. రొమ్ము పగిలిపోతోంది. కళ్ళ ముందు నల్ల చుక్కలు. ఇంకొక్కడు... తట్టాను. వాడూ జరిగాడు.

వాడి ముందు ఇంకో పాదం ఉంది.

చిన్నది. బాగా నానిపోయి ఉంది. ఎడమ మడమ మీద ప్లాస్టర్, ఒక అంచు ఊడి నీళ్ళలో ఊగుతోంది. ఆ అంచు నేను సరిగ్గా అంటించలేదు. ఆ రోజు కూడా తొందరే నాకు.

నా వేలు దానికి తగిలింది. కావాలని తట్టానో, అందిందో, ఇప్పటికీ చెప్పలేను.

అదీ ఆగింది. రూలు తెలిసిన పిల్ల. పక్కకి జరిగి నాకు దారిచ్చింది. దాని పక్కగా నేను ముందుకెళ్ళాను. మొహం చూడలేదు. చూసే మొహం నాకు లేదు.

ఎలా పైకొచ్చానో తెలీదు. కళ్ళు తెరిచేసరికి గట్టు మీదున్నాను. అయిదుగురూ నా చుట్టూ చేరి దగ్గుతున్నారు, ఏడుస్తున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. తల తలా తడిమి లెక్కపెట్టాను. కిందకెందుకు వెళ్ళారని అడిగితే, "లీడర్ వెళ్ళిందిగా" అన్నారు. అంతకన్నా వాళ్ళకేం గుర్తులేదు.

ఆ రోజే మా అమ్మాయికి అంతా చెప్పాను. కాలు సంగతీ, నవ్విన సంగతీ, లెక్కపెట్టని సంగతీ. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. పిల్లని ఒళ్ళో గట్టిగా పట్టుకుని, నా వైపు చూడకుండా ఒకటే మాట అంది.

"నేను ఆగానమ్మా. నేను ఆగాను. నువ్వే పొమ్మన్నావు."

పదకొండేళ్ళప్పటి గొంతుతో అంది.

క్లబ్బువాళ్ళకీ చెప్పాను, కాయితం మీద రాసిచ్చాను. "పాత సంగతులు ఇప్పుడెందుకు మేడమ్" అని అధ్యక్షుడు నీళ్ళు నమిలాడు. పంపు మనిషి కోసం వాకబు చేశాను. అతను పోయి ఆరేళ్ళయిందట. తాబేలు తల్లి ఇల్లు దొరికింది గానీ, నా మొహం చూసి తలుపు తియ్యలేదు. నేను వెళ్ళకముందే ఆమెకి తెలిసినట్టుంది. బహుశా మొదట్నుంచీ తెలుసేమో.

చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. దిగలేదు. ఆ రోజు నుంచి నా ఎడమ మడమ మీద తడుతోంది. వేలితో, ఒక్కసారి. మెట్లెక్కుతుంటే, బట్టలారేస్తుంటే, బజార్లో నడుస్తుంటే. తట్టిన ప్రతిసారీ ఆగుతున్నాను. గోడవారకి జరిగి దారిస్తున్నాను. "వెళ్ళమ్మా, వెళ్ళు" అంటున్నాను. దాని పేరు పెట్టి పిలుస్తున్నాను, వాళ్ళమ్మ పెట్టిన పేరు. ఎవరూ దాటి వెళ్ళరు. కాసేపాగి మళ్ళీ తడుతుంది. అప్పుడు ఆగాల్సినదాన్ని ఆగలేదు, ఇప్పుడాగితే దానికి చాలడం లేదు.

నిన్న తాళాలు ఇచ్చెయ్యడానికి క్లబ్బుకి వెళ్ళాం, నేనూ, అమ్మాయీ, పిచ్చుకా. పట్టపగలు. కొలను ఖాళీ చేసేశారు, అడుగున తెల్ల పలకలు ఎండుతున్నాయి. తాళాలు బల్ల మీద పెట్టి నేను ముందు బయటికొచ్చాను. నాలుగడుగులు వేశాక వెనక ఎవరూ లేరనిపించి తిరిగి చూశాను.

మా అమ్మాయి గుమ్మం లోపలే నిలబడి ఉంది. తలుపు చేత్తో పట్టుకుని, గోడ మీద గడియారం వంక చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి.

"రావే, ఏం చేస్తున్నావు?" అన్నాను.

"వస్తున్నా. కాస్త దూరం వెళ్ళనీ" అంది. నన్ను కాదు. తన ముందున్న ఖాళీని చూసి అంది.

లెక్కపెట్టాను. పది సెకన్లకి మా అమ్మాయి గుమ్మం దాటింది.

వరసలో ముందున్నది ఇప్పుడు నేను. నాకు యాభై ఎనిమిదేళ్ళు. నేను ఎటు వెళ్తున్నానో ఈ వయసులో ఎవరైనా చెప్పగలరు. రావొద్దని అరవబోయాను. మడమ మీద చల్లగా, ఒక్కసారి తట్టింది.

లోపల పిచ్చుక బుద్ధిగా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. వాళ్ళమ్మ వెళ్ళిన అయిదు సెకన్లకి అదీ బయల్దేరింది.